ఏడు నిమిషాల దూరం

బస్సు కదలగానే ఆయన చేతిగడియారం చూసుకుని, నోటుబుక్కులో ఆరూ నలభై అని వేశాడు. కూర్చోవడానికి చోటు చాలానే ఉంది. అయినా వెనక తలుపు దగ్గరి కడ్డీకి భుజం ఆనించి నిలబడ్డాడు. కూర్చుంటే కునుకు పడుతుంది, కునుకు పడితే ఒక స్టాపు తప్పిపోతుంది, స్టాపు తప్పితే రేపు మళ్ళీ రావాలి. రేపటికి వ్యవధి లేదు. మధ్యాహ్నం మూడింటికి మీటింగు.

పది రోజులుగా చూస్తూ ఉండటంతో కండక్టరుకు ఆయన అలవాటైపోయాడు.

“ఏం పోగొట్టుకున్నారండీ, రోజూ ఇలా వెతుక్కుంటున్నారు?”

“నిమిషాలు” అన్నాడాయన నవ్వకుండా.

ఆయనది పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళు. చొక్కా ఎప్పుడూ ఉతికిందే, ప్యాంటు కుడి జేబు మాత్రం ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. అందులో ఇనుప కొలత టేపు. ముప్పై మూడేళ్ళుగా బీమా కంపెనీ భవనాల విభాగంలో గుమాస్తా. ఏ బల్ల ఏ తలుపులో పడుతుందో, ఏ కిటికీ పక్కన ఎవరి కుర్చీ వేస్తే ఎవరికి కోపం వస్తుందో ఆయనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ టేపుగారే. గారు చేర్చకుండా పిలిచినవాళ్ళు లేరు కాబట్టి ఆయనకూ అభ్యంతరం లేకపోయింది.

నెల కిందట డైరెక్టరు ఒక కబురు పంపాడు. ఆఫీసు మారబోతోంది. మూడు చోట్లు చూస్తున్నారు. ఒకటి, ఇప్పుడున్న పాత వీధిలోనే ఉండి మరమ్మతులు చేయించుకోవడం. రెండోది రైలు స్టేషను వెనక. మూడోది ఊరి చివర, రింగు రోడ్డు పక్కన కొత్తగా లేచిన అద్దాల భవనం. ఎక్కడికి పోతే ఎవరికి ఎంత దూరమో కొలిచి పట్టిక వేయాలి. ఆ పని టేపుగారిది.

ఇంత పెద్ద పని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. మూడో అంతస్తులోని చిన్న గదిలో నగరం పటం గోడకు తగిలించి, రెండువందల పద్నాలుగు మంది చిరునామాలు వెతికి గుండుసూదులు గుచ్చాడు. ఆఫీసర్లు ముప్పై ఎనిమిది మందికి ఎర్ర తలలవి. మిగతా నూటడెబ్బై ఆరు మందికి తెల్లవి. తెల్లవి చాలామటుకు తూర్పున, ఈ బస్సు బయలుదేరే చోట కుప్పపడ్డాయి. ఎర్రవి పడమట విడివిడిగా, ఒకదానికొకటి చోటిచ్చుకుని నిలబడ్డాయి. మూడో చోటు ఆ పడమటికే ఇంకా అవతల ఉంది.

నది వంతెన మీద బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, లారీల ముందు ఇంకా లారీలు. ఆయన పక్కన నిలబడ్డ మనిషి డబ్బా మూత తీసి, ఊగుతూనే నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ఒకామె కడ్డీ పట్టుకున్న చేతి మీదే తల వాల్చి నిద్రపోయింది. పదకొండు నిమిషాలు. ఆయన రాసుకున్నాడు. ఇంకో నాలుగు. రాసుకున్నాడు. తొమ్మిదిన్నరకల్లా తను ఆఫీసులో ఉండాలి. ముప్పై మూడేళ్ళలో ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

వంతెన దాటాక బస్సు ఊపందుకుంది. ఇళ్ళు దూరందూరంగా జరిగాయి, గోడలు పొడవయ్యాయి. ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి ఒక స్టాపులో ఆగింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. ఎదురుగా ఆకుపచ్చ గేటు. లోపల తోటమాలి గొట్టంతో గడ్డికి నీళ్ళు కొడుతున్నాడు. గేటు మీది నంబరు చూసి ఆయన ఒక్క క్షణం పెన్సిలు ఆపాడు. ఆ నంబరు ఆయనకు తెలుసు. ఆ చిరునామాకు ఎర్ర గుండుసూది తనే గుచ్చాడు. డైరెక్టరుగారి ఇల్లు.

ఎనిమిదీ ముప్పై అయిదుకు బస్సు అద్దాల భవనం ముందు ఆగింది.

బస్సు బయలుదేరిన చోటు నుంచి గంటా యాభై అయిదు నిమిషాలు. ఆ గేటు నుంచి ఏడు. రెండూ ఒకదాని కింద ఒకటి రాసి, నోటుబుక్కు మూసి, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటాడు.

*

ఆఫీసు మెట్లెక్కేటప్పటికి పదికి పది నిమిషాలు తక్కువ. వాచ్‌మన్ గోడ గడియారం వంక, ఆయన వంక చూసి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే గుచ్చుకుంది.

పాత వీధి అప్పటికే నిండిపోయింది. ఎదుట బ్యాంకు, బ్యాంకు మీద ఇద్దరు లాయర్లు, పక్క మలుపులో ప్రెస్సు, ప్రెస్సు పక్కన స్టాంపు కాగితాలు అమ్మేవాడు, ఆ వెనక సందులో ఓడల కంపెనీ. అన్నీ పిలిస్తే పలికేంత దూరంలోనే. కాగితంలో తప్పొస్తే ఎవరో ఒకరు చొక్కా సర్దుకుని రోడ్డు దాటుతారు, టీ తాగే లోపల తప్పు సరిదిద్దుకుని వస్తారు. అదే వీధి వెనక సందులో, కిందివాటా రెండు గదుల్లో, ఆయన భార్య పిల్లలను చూసుకుంటుంది. తమ కూతురు పాలు తాగే వయసులో ఉన్నప్పుడు, ఇద్దరు టైపిస్టుల పిల్లలను కూడా చేరదీసి మొదలుపెట్టింది. కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది కానీ గదులు ఖాళీ కాలేదు. ఇప్పుడు పదకొండు మంది. తల్లులంతా ఈ వీధి ఆఫీసుల వాళ్ళే. మధ్యాహ్నం వచ్చి పాలిచ్చి వెళతారు.

ఆయన మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తు మలుపులో టైపిస్టు అడ్డం నిలబడింది. ఆమె బిడ్డకు తొమ్మిది నెలలు. ఆ పదకొండు మందిలో ఒకడు.

“బాబాయ్‌గారూ, మూడోదేనట కదా? అందరూ అంటున్నారు.”

“ఇంకా ఏమీ అనుకోలేదమ్మా.”

“నా మీద ఒట్టేసి చెప్పండి.”

“మీటింగు కాకుండా ఏం చెప్పను. నేను కొలిచేవాణ్ణి. అంతే.”

“కొలిచారుగా. ఎంతొచ్చింది?”

ఆయన పై మెట్టు మీద కాలు వేశాడు. ఆమె తప్పుకుని దారిచ్చింది. రెండో అంతస్తులో ఇద్దరు, మూడో అంతస్తులో నలుగురు. ఎవరూ ఏమీ అడగలేదు, తలలు మాత్రం ఎత్తారు. చేతిలో ఉన్న నోటుబుక్కును ఆయన చొక్కాలోపలికి దోపుకున్నాడు.

గదిలో భవనాల మేనేజరు అప్పటికే పటం ముందు నిలబడి ఉన్నాడు. ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. మంచివాడే. భయం వేసినప్పుడు చెవి తమ్మె నలుపుకుంటాడు. ఇప్పుడు నలుపుకుంటున్నాడు.

“ఇంత ఆలస్యమైతే ఎలాగండీ? సరే, పట్టిక పూర్తయిందా?”

ఆయన బల్ల ముందు కూర్చుని ఉదయపు అంకెలు కలిపి, భాగించి, కాగితం తిప్పి చూపించాడు. మూడో చోటుకు మొత్తం మీద సగటు గంటన్నర. ఇప్పటి చోటుకు నలభై నిమిషాలు.

మేనేజరు చాలాసేపు చూశాడు. “రెండొందల పద్నాలుగు మందినీ ఎందుకు పెట్టారు?”

“రెండొందల పద్నాలుగు మంది పనిచేస్తున్నారు కదండీ.”

“ఆఫీసర్ల వరకు చాలు. వాళ్ళ సగటెంత?”

“ముప్పై అయిదు నిమిషాలు.”

“అదే పెట్టండి. ఒకటే కాగితం, ఒకటే అంకె. పైవాళ్ళకు చదివే తీరిక ఉండదు.”

“తెల్లవాటిని తీసేయమంటారా?”

“తీసేయమని ఎవరన్నారు. రాయొద్దంటున్నాను. టేపుగారూ, నాకు పొద్దున్నే పైనుంచి ఫోను. మీరింకో రెండేళ్ళలో దిగిపోతారు. నాకింకా ఇరవై ఏళ్ళ పైనే ఉంది. కాస్త నా సంగతి కూడా చూడండి.”

తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన కొత్త కాగితం తీసి గీతలు గీశాడు. పైన ‘ఆఫీసర్లు, 38’ అని రాశాడు. ముప్పై అయిదు అని వేయడానికి మూడు అంకె దాకా వచ్చి పెన్ను ఆగిపోయింది. వంతెన మీద చేతి మీదే తల వాల్చి నిద్రపోయిన ఆమె ముఖం గుర్తొచ్చింది. ఆమె ఎవరో, ఏ ఆఫీసో కూడా తెలియదు.

*

ఒంటిగంటకు డబ్బా పట్టుకుని కిందికి దిగాడు. టెలిఫోను బోర్డు గది మెట్ల కిందే ఉంది. ఆపరేటరమ్మా, ఆయనా భోజనం అక్కడే చేస్తారు. ఆమె బోర్డు వెనక తన కుర్చీలో, ఆయన కౌంటరుకు ఇవతల స్టూలు మీద.

ఆమెకు తొమ్మిదో ఏట చూపు పోయింది. ఇరవై రెండేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన రోజున, హాస్టలు నుంచి ఆఫీసు దాకా దారి చూపించమని టేపుగారికే అప్పగించారు. నాలుగువందల పన్నెండు అడుగులు. మూడు రోజులు పక్కనే నడిచాడు, నాలుగో రోజు వెనక నడిచాడు, అయిదో రోజు రాలేదని చెప్పి ఎదుటి పేవుమెంటు మీద నడిచాడు. ఆ వారమే, ఎవరినీ అడక్కుండా, మెట్ల వరుసలో ఆఖరి మెట్టుకు ఇత్తడి పట్టీ వేయించాడు. కాలికి తగలగానే నేల వచ్చిందని తెలుస్తుంది. ఎందుకు వేశావని పైవాళ్ళడిగితే మెట్టు అంచు అరిగిందన్నాడు.

ఇవాళ ఆమె డబ్బా తెరవలేదు.

“అడుగులు బరువుగా పడుతున్నాయి అన్నయ్యగారూ. రెండు కాగితాలు మోసుకొస్తున్నట్టున్నారు.”

ఆయన ఉలిక్కిపడ్డాడు. రెండు పట్టికలూ నిజంగానే చొక్కా జేబులో ఉన్నాయి.

“నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెబుతారు. మేనేజరుగారు మెట్లు దిగుతూ చెవి నలుపుకుంటే చొక్కా చేతి గుండీ చప్పుడైంది. అలా అయిందంటే ఎవరికో ఏదో రాయొద్దని చెప్పొచ్చారన్నమాట.”

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. “మూడింటికి ఒకటే ఇవ్వాలి చెల్లెమ్మా. ఏది ఇవ్వను?”

ఆమె హెడ్‌ఫోను మెడ మీదికి జార్చుకుంది. బోర్డు మీద దీపం వెలిగింది, చెయ్యి దానంతటదే వెళ్ళి మీట నొక్కి, “ఇస్తున్నానండి” అని మళ్ళీ వచ్చేసింది. ఆ గదిలో విన్నది ఆ గది దాటించకపోవడం ఆమె నియమం. ఇరవై రెండేళ్ళలో ఎవరి పెళ్ళి తప్పిపోయిందో, ఎవరి జబ్బు ఏమిటో, ఎవరు ఎవరిని తిట్టుకున్నారో అన్నీ ఆమె చెవిలోంచే పోయాయి. ఒక్క ముక్క బయటికి రాలేదు.

“ఆ పట్టిక మీద అంత కష్టపడకండి” అంది చివరికి.

“అదేం మాట?”

“ఊరికే అన్నాను. పది రోజుల్నించి నిద్ర లేదు మీకు. కళ్ళు పాడవుతాయి.” కాస్త ఆగి, “మీకేది రాయాలనిపిస్తే అది రాయండి. దానివల్ల ఎవరికీ నష్టం రాదు” అంది.

ధైర్యం చెబుతోందనుకున్నాడు. డబ్బా మూత పెట్టేసి లేచాడు. తలుపు దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

“అన్నయ్యగారూ.”

“ఏమ్మా?”

“ఏంలేదు. వెళ్ళిరండి.”

*

మీటింగు గదిలో పొడవాటి బల్ల చుట్టూ ఏడుగురున్నారు. ఆయనకు కుర్చీ లేదు. ఆ గదిలో కుర్చీలు వేయించింది తనే కాబట్టి ఎనిమిదోది లేదని ఆయనకు ముందే తెలుసు. గోడ వారగా నిలబడ్డాడు. జేబులోంచి తీసిన కాగితం మేనేజరు చేతికిచ్చాడు. మేనేజరు మడత విప్పి చూశాడు. మెడ మీద నుంచి ఎరుపు పాకి చెవుల దాకా వచ్చింది. అయినా ఇక ఏమీ చేయలేక, ఆ కాగితం డైరెక్టరు ముందుకు జరిపాడు.

క్లెయిముల అధికారిణి ముందు మాట్లాడింది. నెరిసిన జుట్టు, కటువైన గొంతు. “ఒక కాగితం మీద నలుగురు మాట్లాడుకోవాలంటే ఇక్కడ పది నిమిషాల పని. లాయరు ఎదురుగా ఉంటాడు, బ్యాంకు ఎదురుగా ఉంటుంది. మనిషి మొహం చూస్తే అబద్ధం తెలుస్తుంది. అక్కడికి పోయాక ఎవరి మొహం చూస్తాం?”

“ఫోనుంది కదమ్మా” అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా. కసురుకునే మనిషి కాదు. “అద్దె సగం. గాలీ వెలుతురూ ఉంటాయి. కొత్తగా చేరే కుర్రాళ్ళు అలాంటి చోటుకే వస్తామంటున్నారు.” కాగితం చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “ఇది మీరు వేసిందేనా? మూడో చోటుకు సగటు ఎంత?”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. టేపుగారు ఆగలేదు.

“మొత్తం మీద గంటన్నరండి. రెండొందల పద్నాలుగు మందికి.”

డైరెక్టరు కాగితం మీద వేలు పెట్టాడు.

“ఆఫీసర్లకు?”

“ముప్పై అయిదు నిమిషాలండి.”

“అన్నిటికన్నా ఎక్కువ?”

“గంటా యాభై అయిదు. ఇవాళ పొద్దున్న నేనే వెళ్ళొచ్చాను.”

“అన్నిటికన్నా తక్కువ?” డైరెక్టరు ఏదో మాట వరసకు అడిగాడు.

కాగితంలో ఆ అంకె ఉంది. పక్కన ఎవరిదన్నది రాయలేదు.

“ఏడు నిమిషాలండి.”

“అదృష్టవంతుడు. ఎవరు?”

“మీరేనండి.”

ఫ్యాను చప్పుడు వినపడింది. మేనేజరు బల్ల మీది గీతను చూస్తున్నాడు. క్లెయిముల అధికారిణి నెమ్మదిగా తలెత్తింది. ఆ నిశ్శబ్దంలో ఏదో జరుగుతుందని, ముప్పై మూడేళ్ళలో మొదటిసారి, ఆయన అనుకున్నాడు.

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి నవ్వాడు.

“అయితే నేనిక ఆలస్యంగా వస్తే ఒప్పుకోరన్నమాట.”

అందరూ నవ్వేశారు. మేనేజరు అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వు అయిపోగానే మాట కూడా అయిపోయింది. డైరెక్టరు పక్కన ఉన్న గొట్టంలోంచి ఒక నక్షా తీసి బల్ల మీద పరిచాడు. కొత్త భవనంలో ఆరో అంతస్తు. అలవాటు కొద్దీ ఆయన కళ్ళు ముందు కుర్చీలు లెక్కపెట్టాయి. నలభై. తర్వాత టెలిఫోను గది కోసం వెతికాయి. లేదు. ఒక మూల చిన్న చదరం గీసి అందులో ‘యంత్రం’ అని రాసి ఉంది. కింది అంచున తేదీ. నెలన్నర కిందటిది. తనను కొలవమనడానికి పదిహేను రోజుల ముందుది.

మిగతాది ఆయనకు దూరం నుంచి వినపడింది. ఆఫీసర్లు కొత్త భవనానికి. ఫైళ్ళూ, వాటిని చూసే వందమందీ ఇంకో నగరానికి, రాత్రంతా రైల్లో వెళ్ళాల్సినంత దూరం. మిగిలినవాళ్ళు ముందుగానే పదవీ విరమణ తీసుకోవచ్చు. ఫైళ్ళ బీరువాలు దించి అమర్చడానికి టేపుగారు కూడా వెళితే బాగుంటుందని ఎవరో అన్నారు. రెండు వారాల్లో చెప్పాలి.

బయటికొచ్చాక మేనేజరు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాడు.

“నాక్కూడా ఇప్పుడే తెలిసిందండీ” అన్నాడు మేనేజరు. “ఆ పటం తీసేయండి. ఎవరైనా చూస్తే బాగుండదు.”

*

రెండువందల పద్నాలుగు గుండుసూదులు తీయడానికి గంటన్నర పట్టింది. ఒక్కొక్కటే పీకి అట్టపెట్టెలో వేశాడు. పీకుతున్నప్పుడు పేర్లు గుర్తొస్తున్నాయి. హాస్టలు దగ్గరి తెల్లది చేతికొచ్చినప్పుడు మధ్యాహ్నం విన్న మాట గుర్తొచ్చింది. దానివల్ల ఎవరికీ నష్టం రాదు.

అప్పుడర్థమైంది. నక్షా గీసినవాడితో డైరెక్టరు మాట్లాడింది ఫోనులో. ఫోను వెళ్ళింది బోర్డు మీంచి. నెలన్నరగా ఆమెకు తెలుసు. ఆమె చోట ఫోన్లు కలిపే యంత్రం వస్తుందని కూడా.

పెట్టె బల్ల మీదే వదిలేసి గబగబా దిగాడు. అయిదున్నర దాటింది. అంతస్తులు ఖాళీ అయ్యాయి. బోర్డు గది తలుపు వేసి ఉంది. వాచ్‌మన్ లేచి నిలబడి తాళంచెవి ఇచ్చాడు.

“పావుగంటైంది వెళ్ళి. మీకిమ్మంది.”

“రేపు ఎవరు తీస్తారు?”

“రేపట్నించి రాదటండీ. పెద్దాసుపత్రిలో ఫోన్ల దగ్గర కుదిరిందట. రాజీనామా కాగితం కవర్లో పెట్టి పైకి పంపింది.”

“నాతో ఒక్క మాట చెప్పలేదే.”

“నేనూ అదే అడిగానండీ. చెబితే నీకు ముందే ఎలా తెలిసిందని అడుగుతారు కదా అంది.” వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. “ఆఖరి మెట్టు దగ్గర మాత్రం ఆగింది. చెప్పు విడిచి, కాలితో ఆ పట్టీ రెండుసార్లు తడిమి చూసుకుంది. తర్వాత వెళ్ళిపోయింది. తోడు రానా అంటే వద్దంది.”

ఆయన తలుపు తీశాడు. కుర్చీ బల్లలోపలికి నెట్టి ఉంది. బోర్డు మీద ఒక దీపం వెలిగి ఆరుతోంది. పలికేవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా కౌంటరుకు ఇవతలే కూర్చున్న మనిషి, మొదటిసారి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, ఆమె కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు.

“అమ్మా, కాస్త మా ఆయనకిస్తావా?” అంది భార్య గొంతు.

“నేనే.”

“మీరా? అక్కడేం చేస్తున్నారు? ఆవిడేది?”

“వెళ్ళిపోయింది.”

వెనక ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు. “తల్లులందరూ ఇక్కడే నిలబడ్డారండీ. ఇళ్ళకు పోవడం లేదు. ఏం చెప్పమంటారు?”

ఎవరికీ ఏమీ చెప్పకుండా ముప్పై మూడేళ్ళు గడిపిన మనిషి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఉన్నదంతా చెప్పు. ఆఫీసర్లు ఊరి చివరికి, ఫైళ్ళు వేరే ఊరికి. పట్టిక అడిగింది పేరుకే. అంతా ముందే అయిపోయింది. నేను చెప్పానని చెప్పు.”

“మీరు?”

“నన్ను ఫైళ్ళతో రమ్మన్నారు. నేను వెళ్ళను. ఇంట్లోనే ఉంటాను, పిల్లలు మిగిలితే నీకు సాయం చేస్తాను.”

“మిగలకపోతే?”

“అప్పుడు చూద్దాం. వస్తున్నా.”

ఫోను ఎలా పెట్టేయాలో తెలియక బోర్డు మీదికి వంగాడు. స్టూలు మీద నుంచి ఎప్పుడూ కనపడని వైపది. మీటల పక్కన, ఒక్కో నంబరుకు ఒక్కో సన్నని అట్టముక్క అంటించి ఉంది. అట్ట మీద సూదితో పొడిచిన బ్రెయిలీ చుక్కలు, వేలికి తగిలేలా పైకి లేచి ఉన్నాయి. డైరెక్టరు నంబరుకు ఒక వరుస. మేనేజరుకు ఒక వరుస. ఎవరికైనా ఒక్క వరుసే. భవనాల గుమాస్తా నంబరు దగ్గర మాత్రం మూడు వరుసలున్నాయి. అంచులు నల్లబడి, చుక్కలు కాస్త అరిగి. ఆయన బొటనవేలు ఒకసారి ఇటు నుంచి అటు, మళ్ళీ అటు నుంచి ఇటు నడిపాడు. ఆయనకు ఒక్క అక్షరమూ తెలియలేదు.

దీపం ఆర్పి ఆయన వెళ్ళిపోయాక, చీకటి పడుతున్న గదిలో ఆ మూడు వరుసల అట్టముక్క బోర్డుకు అలాగే అంటుకుని ఉంది.